రాత్రి పూట మస్టాంగ్: ఆక్సిజన్, కాక్‌పిట్ దీపాలు సరిచూసుకునే పద్ధతి

రాత్రి ఇరవై వేల అడుగుల మీద డయళ్లు మసకబారితే ఎవరి చెయ్యైనా ముందు దీపం మీటకే పోతుంది. అప్పుడు ముందు చూడాల్సింది ఆక్సిజన్ బ్లింకర్‌ని (ఊపిరి పీల్చినప్పుడు తెరుచుకుని, విడిచినప్పుడు మూసుకునే గుర్తు). చీకట్లో చూపునిచ్చే రెటీనా కణాలు (రాడ్స్) ఆక్సిజన్ కోసం ఒంట్లో అన్నిటికన్నా ముందు అల్లాడతాయి. అయిదు వేల అడుగులు దాటితే చాలు, రాత్రి చూపు తగ్గడం మొదలవుతుంది. ఆ సంగతి పైలట్‌కి తెలియదు. దీపం వెలుగు పెంచుతాడు, దాంతో బయటి చీకటికి అలవాటు పడ్డ కళ్లు కూడా పాడవుతాయి. అందుకే రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికన్ వైమానిక దళం పగలైతే పది వేల అడుగుల నుంచి, రాత్రయితే నేల మీద నుంచే మాస్క్ పెట్టుకోమనేది.

ఈ రెండు వ్యవస్థల్నీ వేరుగా నేర్చుకునేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. కాబట్టి ఈ మార్గదర్శిలో రెండిటినీ కలిపే చూద్దాం. ఉదాహరణకి రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ యుద్ధ విమానం పీ-51డీ మస్టాంగ్ తీసుకున్నాం. ఒకే పైలట్, ఒకే రెగ్యులేటర్ (మాస్క్‌కి ఆక్సిజన్ వదిలే పరికరం), రెండే ఫ్లోరోసెంట్ దీపాలు. ఇది అర్థమైతే తర్వాతి యుద్ధ విమానాలవి కూడా సులువుగా అర్థమవుతాయి. ఒక హెచ్చరిక: ఇవాళ ఎగురుతున్న మస్టాంగ్‌లు చాలావాటిలో వెనక సీటు కోసమని పాత సామాను తీసేశారు. మీ ముందున్న విమానంలో అసలు వ్యవస్థ ఉందో లేదో దాని కాగితాలు చూసి తేల్చుకున్నాకే చెయ్యి పెట్టండి.

ఏది ఎక్కడ ఉంటుంది

ఆక్సిజన్ సిలిండర్లు నాలుగు, పైలట్ వెనక, ఫ్యూజలాజ్‌లో (విమానం మొండెంలో) ఉంటాయి. నింపే వాల్వు ఫ్యూజలాజ్ ఎడమ పక్క చిన్న తలుపు వెనక ఉంటుంది. రెగ్యులేటర్, ప్రెషర్ గేజ్, బ్లింకర్ కాక్‌పిట్‌లో కుడి వైపు ముందు భాగంలో ఉంటాయి. ఇది తక్కువ పీడనం మీద నడిచే వ్యవస్థ: నిండుగా ఉంటే గేజ్ 400 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తుంది. ఆసుపత్రి సిలిండర్ల 1,800, 2,000 పీఎస్ఐతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కావాలనే అలా పెట్టారు. తూటా తగిలినా సిలిండర్ ముక్కలై పేలకూడదని పలుచటి స్టీలుతో చేసి, తక్కువ పీడనంలో వాడారు. వీటికి పసుపు రంగు వేసేవాళ్లు. ఆకుపచ్చ రంగు ఎక్కువ పీడనం వాటికి.

రెగ్యులేటర్ ‘డిమాండ్’ తరహాది. మీరు ఊపిరి పీల్చినప్పుడే ఆక్సిజన్ వదులుతుంది, విడిచేటప్పుడు ఆపేస్తుంది. దాని పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. ‘నార్మల్’లో పెడితే ఎత్తును బట్టి బయటి గాలి కలుపుతుంది: నేల మీద దాదాపు అంతా గాలే, పైకి వెళ్లేకొద్దీ గాలి తగ్గుతూ ముప్ఫై వేల అడుగుల ప్రాంతంలో నూరు శాతం ఆక్సిజన్ అవుతుంది. రెండో స్థానం ‘100%’. ఇక ఎర్ర నాబ్ ఎమర్జెన్సీ వాల్వు. తిప్పితే రెగ్యులేటర్‌తో నిమిత్తం లేకుండా ఆక్సిజన్ ధారగా వచ్చేస్తుంది.

పాత రెగ్యులేటర్ల మీద ఆ మీటకి ‘ఆటో-మిక్స్ ఆన్’, ‘ఆఫ్’ అని రాసి ఉండేది. ‘ఆఫ్’ అంటే ఆక్సిజన్ బంద్ అనుకోవడం సహజం. నిజానికి ‘ఆఫ్’ అంటే కలపడం బంద్, అంటే నూరు శాతం ఆక్సిజన్. ఇంత ముఖ్యమైన మీట మీద ఇలాంటి రాత ఎవరు ఒప్పుకున్నారో గానీ, తర్వాత ‘నార్మల్ ఆక్సిజన్’, ‘100% ఆక్సిజన్’ అని మార్చారు. సిమ్యులేటర్‌లో గానీ మ్యూజియంలో గానీ పాత రాత కనిపిస్తే గందరగోళపడకండి.

సిలిండర్లు నింపడం

ముందు బ్యాటరీ స్విచ్ ఆఫ్. విమానం దగ్గర ఇంధనం నింపడం గానీ, బీడీ సిగరెట్లు గానీ ఉండకూడదు. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోండి. ఆక్సిజన్ పని చేసే మనిషి గుడ్డకి, పానాకి, చేతులకి నూనె, గ్రీజు మరక కూడా ఉండకూడదు. స్వచ్ఛమైన ఆక్సిజన్ పీడనంలో నూనె తగిలితే నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు. ఫిట్టింగ్ బిగుసుకుందని మర చుట్లకి ఓ చుక్క నూనె వేయడం వర్క్‌షాప్‌లో చేతికి అలవాటైన పని. ఇక్కడ ప్రాణం తీసేది ఆ అలవాటే. పెదవులకి రాసే వాజిలిన్ కూడా మాస్క్ దగ్గరికి రానివ్వరు.

తర్వాత:

1. నింపే బండి పైపు చివర వాల్వు ఒక్క క్షణం తెరిచి మూయండి. దుమ్ము బయటికి పోతుంది.

2. పైపు బిగించి వాల్వు నెమ్మదిగా తెరవండి. వేగంగా నింపితే వాయువు నొక్కుకుపోయి సిలిండర్ వేడెక్కుతుంది. గేజ్ 400 చూపించినా చల్లారాక కిందకి దిగుతుంది. కొంత ఆగి, చల్లారాక మళ్లీ 400కి తేవాలి.

3. పైపులు కలిసే చోట్ల లీకు చూడడానికి ఆక్సిజన్‌కి పనికొచ్చే లీక్ టెస్ట్ ద్రవం మాత్రమే వాడండి. మామూలు సబ్బుల్లో కొవ్వు ఉంటుంది. చూశాక నీటితో తుడిచి ఆరబెట్టండి.

వాయువు కూడా ఏదో ఒకటి సరిపోదు. విమానాలకి వాడే ఆక్సిజన్ 99.5 శాతం స్వచ్ఛంగా ఉండడమే కాదు, దాదాపు తేమ లేకుండా ఉండాలి. వెల్డింగ్ సిలిండర్‌లోది స్వచ్ఛతలో తక్కువేమీ కాకపోవచ్చు, కానీ దాని తేమకి హామీ లేదు. ముప్ఫై వేల అడుగుల్లో బయట సుమారు మైనస్ 44 డిగ్రీలు. ఆ చలికి పైపులో ఉన్న చుక్క తేమ గడ్డకట్టి రెగ్యులేటర్ వాల్వుని పట్టేస్తుంది. సిలిండర్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడకూడదనేది కూడా ఇందుకే. లోపల పీడనం లేకపోతే బయటి తేమ గాలి లోపలికి చేరుతుంది. అలా ఖాళీ అయిన సిలిండర్‌ని మళ్లీ నింపే ముందు పొడి వాయువుతో కడిగి వదలాలి.

గేజ్ చదవడం

ఇక్కడ కొత్తవాళ్లు రెండు వైపులా పొరబడతారు. పైకి ఎక్కుతుంటే సిలిండర్లు చల్లబడతాయి, గేజ్ దిగుతుంది. ఆక్సిజన్ అంతా ఎక్కడికీ పోలేదు. లెక్క సులువు: 21 డిగ్రీల దగ్గర 400 ఉన్న గేజ్ మైనస్ 20 డిగ్రీలకి చేరితే సుమారు 342 చూపిస్తుంది. ఒక్కో డిగ్రీకి 1.4 పీఎస్ఐ చొప్పున తగ్గుతుందని గుర్తుంచుకోండి. రాత్రి హ్యాంగర్‌లో ఉంచిన విమానం గేజ్ ఉదయానికి ఇరవై పీఎస్ఐ తగ్గితే, చలి ఎంత పెరిగిందో కూడా చూశాకే లీకని తేల్చాలి. ఉష్ణోగ్రత మారకుండా తగ్గితే అది లీకే.

రెండో పొరబాటు: 400 పీఎస్ఐ అంటే ఎంత సేపో తెలియకపోవడం. డీ-2 అనే సిలిండర్ పరిమాణం 500 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 8.2 లీటర్లు. 400 నుంచి 100 పీఎస్ఐ దాకా వాడుకుంటే బయటికి వచ్చే వాయువు సుమారు 167 లీటర్లు. నిమిషానికి 12 లీటర్లు పీల్చే మనిషి నూరు శాతం మీద నేల దగ్గర కూర్చుంటే ఆ ఒక్క సిలిండర్ 14 నిమిషాల్లో అయిపోతుంది. అదే మనిషి ముప్ఫై వేల అడుగుల్లో అయితే సుమారు 47 నిమిషాలు. ఊపిరితిత్తులు నింపే పరిమాణం అదే అయినా అక్కడి పీడనం నేల మీది దానిలో మూడో వంతు కూడా లేదు కాబట్టి. మీట ‘100%’లో ఉంటే తక్కువ ఎత్తుల్లో సిలిండర్‌ని ఎంత త్వరగా తాగేస్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. భయపడి దాన్ని తిప్పి మర్చిపోయేవాళ్లకి తర్వాత అవసరానికి ఆక్సిజన్ ఉండదు. ఎమర్జెన్సీ వాల్వు సంగతి చెప్పక్కర్లేదు.

100 పీఎస్ఐకి దిగితే పది వేల అడుగుల కిందకి దిగే ప్రయత్నం మొదలుపెట్టాలి. అంత కన్నా ఆగితే రెగ్యులేటర్ మీద కూడా నమ్మకం ఉండదు.

మాస్క్, రెగ్యులేటర్ తనిఖీ

ఎక్కువ మంది హడావుడిగా కానిచ్చే పని ఇదే. నిజానికి ఎక్కువ ప్రాణాలు నిలబెట్టేదీ ఇదే.

ఏ-14 అనే రకం మాస్క్ రబ్బరుతో చేసింది. ముఖానికి అతుక్కుంటేనే పని చేస్తుంది. గడ్డం మాసి ఉంటే అతుక్కోదు. పట్టీలు సరిచేసుకుని, గొట్టం చివర బొటనవేలితో మూసి, మెల్లగా ఊపిరి పీల్చండి. మాస్క్ మొత్తం ముఖానికి కుంచించుకుపోవాలి. చివరిదాకా అలాగే ఉండాలి. మెల్లగా అనే మాట ముఖ్యం. బలంగా లాగితే ఆ ఊపుకి రబ్బరు అతుక్కుపోతుంది, చిన్న లీకు మూసుకుపోతుంది, బాగుందనిపిస్తుంది. ముక్కు పక్కల, గడ్డం కింద చల్లటి గాలి చురుక్కుమందంటే పట్టీలు మళ్లీ సరిచేయాలి.

ఇప్పుడు గొట్టాన్ని రెగ్యులేటర్ వైపు గొట్టానికి తగిలించండి. ఆ కలుపు పది పౌండ్ల పైబడి లాగితే గాని ఊడకూడదు. వదులుగా ఉంటే తల తిప్పినప్పుడు ఊడిపోతుంది, పైలట్‌కి ఏమీ తెలియదు, మాస్క్‌లోకి మామూలు గాలి వస్తుంటుంది, ఊపిరి హాయిగానే ఉంటుంది. అదే అసలు ప్రమాదం. గొట్టం క్లిప్పుని జాకెట్‌కి పెట్టుకునేటప్పుడు తల పూర్తిగా రెండు పక్కలా, వెనక్కీ తిప్పి చూసి, అప్పుడే బిగించండి.

తర్వాత రెగ్యులేటర్:

మీట ‘100%’లో పెట్టండి. ఊపిరి పీలుస్తుంటే బ్లింకర్ కనురెప్పలా తెరుచుకోవాలి, విడుస్తుంటే మూసుకోవాలి. నేల మీద ‘నార్మల్’లో పెట్టి చూస్తే అది కదలకపోవచ్చు. ఆ ఎత్తులో రెగ్యులేటర్ దాదాపు అంతా గాలే ఇస్తుంది కాబట్టి ఆక్సిజన్ గొట్టంలో ప్రవాహమే లేదు. చాలా మంచి రెగ్యులేటర్లు ఈ కారణంగానే ‘చెడిపోయాయి’ అనిపించుకున్నాయి.

తర్వాత ‘నార్మల్’కి మార్చి, మాస్క్ తీసి, గొట్టంలోకి మెల్లగా ఊదండి. గాలి పోకుండా ఎదురు తన్నాలి. పోతుంటే గాలి లోపలికి తీసుకునే వాల్వు గానీ డయాఫ్రమ్ (రెగ్యులేటర్ లోపలి పలుచటి పొర) గానీ లీకవుతోందన్నమాట. ఆ రెగ్యులేటర్‌తో ఎగరకూడదు.

చివర్లో ఎర్ర నాబ్ తిప్పి ఒక క్షణం ధార వస్తోందో చూసి వెంటనే మూయండి. ఇది చూసేటప్పుడు గొట్టం మూయకూడదు, నలపకూడదు. లోపలి పీడనం అంతా డయాఫ్రమ్ మీద పడి అది చిరిగిపోతుంది. మూసేటప్పుడు పూర్తిగా మూశారా అని మళ్లీ చూడండి. కొద్దిగా తెరుచుకుని ఉన్నా పై ఎత్తుకి చేరేసరికి సగం ఖాళీ అవుతుంది.

దీపాలు

కాక్‌పిట్‌లోకి ఎక్కే ముందు అరగంట చీకట్లో ఉండండి. అలా కుదరకపోతే ఎర్ర అద్దాల కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుంది. రాడ్స్‌కి ఎర్ర రంగు పెద్దగా అంటదు, గదిలో దీపం ఉన్నా కళ్లు చీకటికి సిద్ధమవుతూనే ఉంటాయి.

మస్టాంగ్‌లో ఎడమకి ఒకటి, కుడికి ఒకటి చిన్న ఫ్లోరోసెంట్ దీపాలు ఉంటాయి, నాలుగు వాట్ల ట్యూబులు. వెలిగించే పద్ధతి ఇళ్లలో పాత ట్యూబ్‌లైట్‌ని గుర్తు చేస్తుంది. రియోస్టాట్‌ని (వెలుగు పెంచి తగ్గించే తిప్పుడు స్విచ్‌ని) ‘స్టార్ట్’ దగ్గర పట్టుకుంటే ట్యూబులోని ఫిలమెంట్లు వేడెక్కుతాయి. వదిలి ‘ఆన్’కి తేగానే ట్యూబు అంటుకుంటుంది. అక్కడి నుంచి ‘డిమ్’కి తిప్పుకోవాలి. చలి ఎక్కువగా ఉంటే ‘స్టార్ట్’లో ఇంకొంచెం ఎక్కువ సేపు పట్టాలి. ముందే ‘డిమ్’లో పెట్టి వెలగలేదని వాపోయేవాళ్లే ఎక్కువ.

దీపం మూతిని తిప్పితే ఫిల్టర్ ముందుకొస్తుంది. ఆ ఫిల్టర్‌తో బయటికి కనిపించే వెలుగు దాదాపు ఉండదు, అతినీలలోహిత కిరణాలు మాత్రమే వస్తాయి. డయళ్ల మీది గీతలూ, ముళ్లూ, అంకెలూ ప్రతిదీప్తినిచ్చే రంగుతో రాసినవి కాబట్టి అవి మాత్రం తమంత తాము మెరుస్తాయి. ప్యానెల్ అంతా నల్లగా ఉండి, అంకెలు గాలిలో వేలాడుతున్నట్టు కనిపిస్తే సరిగ్గా పెట్టినట్టు. అక్కడి నుంచి చదవడానికి కావలసినంత వరకే తగ్గించండి, అంతకన్నా ఉంచకండి.

దీపాల కోణం చూసుకోకపోతే రెండు చిక్కులు. మొదటిది, మస్టాంగ్ ‘డీ’కి బుడగ లాంటి కానోపీ (పైలట్ తల మీది పారదర్శక కప్పు) ఉంటుంది, అందులో ప్రతిబింబం పడితే బయట శత్రు విమానమా, సొంత డయలా అర్థం కాదు. రెండోది ఇంకా చెడ్డది. అతినీలలోహిత కిరణాలు నేరుగా కంట్లో పడితే కంటి కటకమే మెరుస్తుంది. చూపు ముందు నీలి పొగమంచు కమ్మినట్టు అనిపిస్తుంది. పైలట్ అద్దం తుడుస్తాడు, ఆక్సిజన్ తగ్గిందేమో అనుకుంటాడు. తేల్చుకోవడానికి దీపాన్ని పక్కకి తిప్పండి: పొగ పోతే తప్పు దీపానిది, పోకపోతే బ్లింకర్ చూడండి.

ట్యూబు వెలగకపోతే ముందు బ్యాటరీ వోల్టేజీ చూడండి. ఇది 24 వోల్టుల వ్యవస్థ, జనరేటర్ తిరుగుతుంటే 28 వోల్టులు వస్తుంది. తర్వాత స్టార్టింగ్ రెసిస్టర్, హోల్డర్ కాంటాక్టులు చూడండి. ట్యూబు ఒక చివర బాగా, ఒక చివర మసకగా వెలిగితే అది డైరెక్ట్ కరెంట్ మీద నడిచే ట్యూబులకి ఉండే జబ్బు: పాదరసం ఒక వైపుకి జరిగిపోతుంది. హోల్డర్‌లో ట్యూబుని తిప్పి పెడితే కొన్నాళ్లు సర్దుకుంటుంది.

ఇక పునరుద్ధరణ చేసేవాళ్లకి ఒక మాట. పాత డయళ్లు చాలావాటి మీద రేడియం రంగు ఉంటుంది. ఇప్పుడు మెరవడం లేదు కదా, అయిపోయిందనుకోకండి. రంగులోని జింక్ సల్ఫైడ్ అరిగిపోయింది గానీ, రేడియం సగం జీవితకాలం సుమారు 1,600 సంవత్సరాలు. అద్దం విప్పకండి, గీకకండి, పగిలిన డయల్ దుమ్ము ఊదకండి. గీగర్ కౌంటర్‌తో చూసి, లైసెన్సున్న వాళ్లకి అప్పగించాలి.

గాలిలో

డయళ్లు చదివే చుట్టులో బ్లింకర్‌ని కలిపేసుకోండి: ఎత్తు, వేగం, దిశ, బ్లింకర్, ఆక్సిజన్ గేజ్, ఇంజన్ గేజ్‌లు, మళ్లీ మొదటికి. ఎత్తులో ఆక్సిజన్ లేకపోతే పని చేయగలిగేంత స్పృహ ఎంత సేపు ఉంటుందో ఒకసారి చూస్తే ఆ అలవాటు దానంతటదే వస్తుంది: 25,000 అడుగుల్లో మూడు నుంచి అయిదు నిమిషాలు, 30,000లో ఒకటి రెండు నిమిషాలు, 35,000లో అర నిమిషం నుంచి నిమిషం. అప్పుడు నొప్పి ఉండదు. హాయిగా, ధీమాగా ఉంటుంది. గోళ్లు నీలంగా మారడం చూసి గుర్తుపట్టమని చెప్తారు గానీ, అతినీలలోహిత దీపం కింద, ఎర్ర దీపం కింద ఆ నీలం కనబడదు. రాత్రి పూట ఆ గుర్తు మీద ఆధారపడకండి.

అనుమానం వస్తే వరస ఇది: మీట ‘100%’, ఎర్ర నాబ్ తెరవడం, గొట్టం కలుపు చేత్తో తడిమి చూడడం, పది వేల అడుగుల కిందకి దిగడం. కలుపు ఊడి ఉంటే అది పెట్టి నాబ్ మూసేయండి.

మాస్క్‌లో విడిచిన ఊపిరి తేమ గడ్డకట్టే చలిలో అప్పుడప్పుడూ మాస్క్ ముందు భాగాన్ని వేళ్లతో నొక్కండి. పేరుకున్న ఐసు పటుక్కుమని విరిగి రాలుతుంది. పట్టించుకోకపోతే విడిచే వాల్వు మూసుకుపోతుంది.

తర్వాత వచ్చిన విమానాల్లో

యుద్ధం తర్వాత కాక్‌పిట్‌లు ఎర్ర వెలుగుకి మారాయి. చీకటి చూపు నిలిచింది గానీ మ్యాపుల మీది ఎర్ర గీతలు కనిపించకుండా పోయాయి. నైట్ విజన్ కళ్లద్దాలు వచ్చాక ఎర్ర వెలుగు ఇంకా పెద్ద శత్రువయ్యింది. ఎరుపు, పరారుణానికే బాగా స్పందించే ఆ పరికరాల్లో కాక్‌పిట్‌లోని ఎర్ర దీపం వల్ల దృశ్యమంతా వెలుగుతో నిండిపోయి బయటిదేమీ కనబడదు. అందుకే వాటికి సరిపోయే ఆకుపచ్చ వెలుగు వచ్చింది. మొదటి తరగతి పరికరాలు 625 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం నుంచి, రెండో తరగతివి 665 నుంచి పనిచేస్తాయి కాబట్టి అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగే వాడతారు.

ఆక్సిజన్ సిలిండర్లకి బదులు ఇప్పుడు ఇంజన్ గాలిలోని నైట్రోజన్‌ని జియోలైట్ (సూక్ష్మ రంధ్రాలున్న ఖనిజం) గింజలతో పట్టేసి ఆక్సిజన్ మిగిల్చే యంత్రాలున్నాయి. మన తేజస్ కోసం డీఆర్‌డీవో ప్రయోగశాల డెబెల్ తయారు చేసిన వ్యవస్థని 2025 మార్చి 4న ఎత్తులో పరీక్షించారు. సిలిండర్ నింపే తలనొప్పి తప్పుతుంది. అయినా మాస్క్ అతుకు, గొట్టం కలుపు, ప్రవాహపు గుర్తు, అత్యవసర సరఫరా చూడడం మాత్రం అందులోనూ తప్పదు.

దిగాక

ఎర్ర నాబ్ మూసి ఉందో లేదో, మీట ‘నార్మల్’లో ఉందో లేదో చూడండి. గేజ్ అంకె, ఆ సమయంలో ఉష్ణోగ్రత రెండూ పుస్తకంలో రాయండి, మర్నాటి లీకు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. మాస్క్‌ని తడి గుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట వేలాడదీయండి. రెండు దీపాలూ ‘ఆఫ్’కి తిప్పి, బ్యాటరీ తర్వాత ఆపండి.